సగం లేచిన గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాటు: కొనాలా, ఆగాలా?

కొల్లూరు, తెల్లాపూర్, ఆదిభట్ల, ఘట్‌కేసర్, శామీర్‌పేట... హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్ల పొడవునా ఎటు చూసినా క్రేన్లే. గేటు దగ్గర ఫౌంటెన్ పనిచేస్తూ ఉంటుంది. మోడల్ ఫ్లాటులో ఏసీ చల్లగా ఉంటుంది. వెనక్కి వెళ్లి చూస్తే ఆరు టవర్లలో రెండింట్లో జనం కాపురం ఉంటారు, రెండు సగంలో ఉంటాయి, మిగతా రెండూ ఇంకా గుంతలే. అమ్మే కుర్రాడు మాత్రం ఆరూ పూర్తయినట్టే మాట్లాడతాడు.

ఇలాంటి చోట కొనేముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: రేపు పొద్దున ఇక్కడ పని ఆగిపోతే నా చేతిలో ఏం మిగులుతుంది? కాగితాలు చూసినా, సైటు చూసినా, లెక్కలు వేసినా ఈ ప్రశ్నను పక్కన పెట్టుకునే చేయండి.

ముందు రెరా పేజీ, తర్వాతే బ్రోచర్

ప్రాజెక్టు పేరు వినగానే తెలంగాణ రెరా (బిల్డర్ల ప్రాజెక్టులను నమోదు చేసి పర్యవేక్షించే సంస్థ) వెబ్‌సైటులో వెతకండి. రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం రెండూ 2016 నాటి రెరా చట్టం ప్రకారం తప్పే. "ప్రీ-లాంచ్ ఆఫర్, మొత్తం ముందు కడితే అడుగుకు సగం ధరే" అంటే ఆ గేటు నుంచి అటే తిరిగి వచ్చేయండి. అక్కడ అమ్ముతున్నది ఇల్లు కాదు, అనుమతి కూడా రాని నేలలో అవిభాజ్య వాటా. పని ఆగితే ఆ వాటాదారులందరూ కలిసి ఒక ఖాళీ పొలానికి యజమానులు. కొన్నిచోట్ల అదీ ఉండదు, చేతిలో రశీదు మాత్రమే ఉంటుంది.

నంబరు ఉందని తృప్తిపడి పేజీ మూసేయకండి. లోపల చూడాల్సినవి చాలా ఉన్నాయి. మొదటిది, ఏ ఫేజ్‌కి ఆ నంబరు ఇచ్చారు? పెద్ద ప్రాజెక్టుల్లో ఫేజ్ ఒక్కోదానికి ఒక్కో రిజిస్ట్రేషన్ ఉంటుంది. మీ టవర్ ఒకటో ఫేజ్‌లోనూ, క్లబ్‌హౌస్, ఈతకొలను మూడో ఫేజ్‌లోనూ ఉంటే, మూడో ఫేజ్ మొదలయ్యేదాకా వాటి ఊసు ఉండదు. క్లబ్‌హౌస్ డబ్బు మాత్రం ఇప్పుడే వసూలు చేస్తారు. అది ఏ ఫేజ్ ప్లానులో గీసి ఉందో చూసి, ఆ ఫేజ్ తేదీనే మీ తేదీగా రాసుకోండి.

రెండోది, పూర్తి చేస్తామని బిల్డర్ రెరాకి ఇచ్చిన తేదీ. సేల్స్ ఆఫీసులో "వచ్చే దసరాకి తాళాలు" అంటారు, పేజీలో అంతకు ఏడాదిన్నర తర్వాతి తేదీ ఉంటుంది. ఆలస్యానికి పరిహారం అడగాలంటే అగ్రిమెంటులో రాసిన తేదీ లెక్కకు వస్తుంది, నోటిమాట రాదు. అగ్రిమెంటులో అదే తేదీ వేశారో, దాని పక్కన "గ్రేస్ పీరియడ్" అంటూ ఇంకో ఆరు నెలలు తగిలించారో చదవండి.

మూడోది, మూడు నెలలకోసారి పెట్టాల్సిన ప్రగతి నివేదికలు. రెండు మూడు త్రైమాసికాలుగా ఏమీ పెట్టకపోతే అది బద్ధకం కావచ్చు, లెక్క చూపించలేకపోవడమూ కావచ్చు. రెండిట్లో ఏదైనా మీకు మంచిది కాదు. కొనుగోలుదారుల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు ప్రత్యేక ఖాతాలోనే ఉండాలి. ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ముగ్గురూ సర్టిఫికెట్ ఇస్తేనే, జరిగిన పని మేరకే తీయాలి. అందుకే మీ చెక్కు మీద ఆ ఖాతా నంబరే ఉండాలి. "ఈ వాయిదా మా ఇంకో కంపెనీ పేర కట్టండి" అంటే కట్టకండి.

అక్కడే మంజూరైన ప్లాను కూడా ఉంటుంది. అంతస్తులు ఎన్ని, ఫ్లాట్లు ఎన్ని, మీకు చూపించిన ఫ్లాటు నంబరు అందులో ఉందా అన్నది సరిచూసుకోండి. ప్లానులో 18 అంతస్తులు ఉండి, మీకు అమ్ముతున్నది 20వ అంతస్తు అయితే ఇంక మాట్లాడాల్సింది ఏమీ లేదు.

తనఖాలో ఉన్న ఫ్లాట్లు

చాలామంది చూడని చోటు ఇది. 2012 నాటి జీవో 168 నిబంధనల ప్రకారం బిల్డర్ మొత్తం నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతాన్ని అనుమతి ఇచ్చిన సంస్థకు, అంటే జీహెచ్‌ఎంసీకో హెచ్‌ఎండీఏకో, తనఖా రాసివ్వాలి. సాధారణంగా కింది అంతస్తుల్లోని ఫ్లాట్లు రాసిస్తారు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కాపురం ఉండొచ్చని ఇచ్చే అనుమతి), మనం ఓసీ అనేది, వచ్చాకే ఆ తనఖా విడుదలవుతుంది. "ఫస్ట్ ఫ్లోర్ కాబట్టి అడుగుకు 300 తగ్గిస్తాం" అన్న ఫ్లాటు ఆ పది శాతంలోది అయ్యే అవకాశం ఎక్కువ. తనఖా దస్తావేజు కాపీ అడిగి ఫ్లాటు నంబర్లు చదవండి. సర్వే నంబరుతో ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీల పత్రం) తీసినా ఆ తనఖా కనిపిస్తుంది.

రెండో తనఖా బ్యాంకుది. బిల్డర్ ఆ ప్రాజెక్టు మీదే అప్పు తెచ్చి ఉంటే, మీ ఫ్లాటు వరకు ఆ బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే నిరభ్యంతర పత్రం ఉండాలి. ఫ్లాటు నంబరుతో, మీ పేరుతో, డబ్బు ఏ ఖాతాలో పడాలో రాసి ఉండాలి. "అందరికీ కలిపి ఒకటే ఉందండీ" అంటే ఒప్పుకోవద్దు.

భూమి రైతులది, కట్టేది బిల్డర్ అయితే డెవలప్‌మెంట్ అగ్రిమెంటుతో పాటు ఫ్లాట్ల పంపకం రాసుకున్న అనుబంధ ఒప్పందం కూడా అడగాలి. మీ ఫ్లాటు బిల్డర్ వాటాలో ఉందో, భూయజమాని వాటాలో ఉందో దాన్ని బట్టే తెలుస్తుంది. భూయజమాని వాటా ఫ్లాటును బిల్డర్ సంతకంతో కొంటే ఆ అమ్మకం నిలబడదు.

నేల సంగతి

భూమి కాగితాలు మీరు చదివి తేల్చలేరు. లాయరుకు ఇవ్వాల్సిందే, కానీ బిల్డర్ చూపించిన లాయరుకు కాదు. ఆయన్ను అడగాల్సినవి: 1954-55 ఖాస్రా పహాణీ (పాత భూమి రికార్డు) నుంచి ఇప్పటిదాకా పేర్ల వరస తెగకుండా ఉందా, ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమా, ఇనాం భూమి అయితే ఓఆర్‌సీ (హక్కు పత్రం) ఉందా, భూపరిమితి చట్టం కింద సీలింగ్ కేసు ఉందా, రిజిస్ట్రేషన్ కుదరని 22ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందా, వ్యవసాయేతర భూమిగా మార్చారా. "ఫలానా బ్యాంకు లోను ఇస్తోంది కదా" అన్నది వీటిలో దేనికీ జవాబు కాదు. బ్యాంకుకు మీ జీతం కూడా హామీయే.

చెరువు సంగతి మాత్రం మీరే చూడగలరు. 25 ఎకరాలు, అంటే 10 హెక్టార్లు, దాటిన చెరువు ఎఫ్‌టీఎల్ గీత (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులు, కుంటలు, శిఖం (చెరువు అడుగు) భూములకు 9 మీటర్లు బఫర్ వదలాలి. 10 మీటర్ల కన్నా వెడల్పైన నాలాకి 9 మీటర్లు, చిన్న నాలాకి 2 మీటర్లు వదలాలి. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైటులో ఎఫ్‌టీఎల్ మ్యాపులు ఉన్నాయి. ఆ గీత తుది నోటిఫికేషనా, ప్రాథమికమా అన్నది కూడా చూడండి. ప్రాథమికమైతే గీత ఇంకా జరగొచ్చు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఈ లెక్కలు కాగితాల మీదే ఉండిపోవడం లేదు.

ఇంకో పని చేయండి. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి ఆ స్థలం పాత చిత్రాలు వెనక్కి తిప్పండి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌ను ముంచెత్తిన వానల తర్వాతి చిత్రం దొరికితే, మీ టవర్ లేచే చోట అప్పుడు నీళ్లు నిలిచాయో లేదో కంటికే కనిపిస్తుంది. చుట్టూ పొడి నేల ఉండి మధ్యలో పచ్చగా, గిన్నెలా ఒక ముక్క కనిపిస్తే అక్కడ పాత కుంట ఉండి ఉంటుంది. పక్క ఊరి పెద్దవాళ్లని అడిగితే దాని పేరు కూడా చెబుతారు.

సైటుకు రెండుసార్లు, సేల్స్ కారెక్కకుండా

శని, ఆదివారాల్లో సేల్స్ వాళ్లతో వెళ్తే ఫౌంటెన్ దాటి పోనివ్వరు. పనిరోజున, పొద్దున తొమ్మిదింటికల్లా మీ బండి మీద వెళ్లండి. నెల తర్వాత మళ్లీ వెళ్లండి. రెండుసార్లూ ఒకే చోట నిలబడి అదే టవర్ ఫొటో తీయండి. రెండు ఫొటోల మధ్య స్లాబులు ఎన్ని పెరిగాయో లెక్కపెట్టండి. అల్యూమినియం షట్టరింగ్ వాడే చోట నెలకు రెండు మూడు స్లాబులు పడటం మామూలే. పాత పద్ధతి సెంట్రింగ్ అయితే ఒక్కో స్లాబుకు మూడు వారాల దాకా పట్టొచ్చు. నెలరోజుల్లో ఒక్కటీ పెరగకపోతే కారణం కనుక్కోండి. హోలీకో, ఛఠ్‌కో బీహార్, జార్ఖండ్ కూలీలు ఊళ్లకు పోతే పని మందగించడం సహజం. ఆ రోజుల్లో కాకుండా ఆగిందంటే డబ్బు ఆగి ఉంటుంది.

ఇప్పుడు చిన్న లెక్క. 25 స్లాబుల టవర్‌లో ఆరు అయ్యాయనుకుందాం. ఇంకా 19 పడాలి. ఒక్కోదానికి 20 రోజుల చొప్పున 380 రోజులు, దాదాపు పదమూడు నెలలు. చివరి స్లాబు పడ్డాక గోడలు, ప్లాస్టరింగ్, పైపులు, కరెంటు, లిఫ్టులు, ఫైర్ లైన్లు, రంగులు అన్నిటికీ తక్కువలో తక్కువ ఇంకో ఏడాది వేసుకోండి. గోడల పని కింద నుంచి వెంబడే వస్తుంటేనే ఈ ఏడాది. స్లాబులు మాత్రం పైకి వేసుకుంటూ పోయి, కింది అంతస్తులు ఖాళీ అస్థిపంజరాల్లా వదిలేశారంటే ఏడాదిన్నర. స్లాబుకో వాయిదా చొప్పున వసూలు చేసే ప్రాజెక్టుల్లో ఇలా ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే స్లాబు పడితే డబ్బు వస్తుంది, గోడ కడితే రాదు.

ఆగి ఉన్న టవర్‌ని గుర్తుపట్టడం కష్టం కాదు. పైన స్తంభాల్లోంచి పొడుచుకొచ్చిన ఊచలు చూడండి. పల్చని తుప్పు అన్నిటికీ ఉంటుంది. వేలితో రుద్దితే పొరలు పొరలుగా రాలుతుంటే ఆ ఊచలు చాలా నెలలుగా వానకు తడుస్తున్నట్టే. వాటికి సిమెంటు పాలు పూసి ఉంటే, పని ఆపుతున్నామని తెలిసే ఆపారు. స్లాబు అంచుల్లో నల్లటి నాచు, ఇటుకల సందుల్లో మొలిచిన రావి మొక్క కూడా అదే చెబుతాయి.

పని నడుస్తున్న టవర్‌లో నాణ్యత చూడాలంటే కొత్తగా షట్టరింగ్ ఊడదీసిన స్తంభాల దగ్గరికి వెళ్లండి. అడుగు భాగంలో సిమెంటు కప్పకుండా కంకర బయటపడి, తేనెపట్టులా గుంతలు ఉంటే కాంక్రీటు సరిగా కూరలేదని అర్థం. ఒకటి రెండు చోట్ల ఉంటే సరిదిద్దుతారు. ప్రతి స్తంభానికీ ఉంటే పర్యవేక్షణే లేదు. స్తంభాలకు తడి గోనెపట్టాలు చుట్టి ఉన్నాయా, ఆ గోనె నిజంగా తడిగా ఉందా, చేత్తో ముట్టి చూడండి. సెల్లారులోకి దిగి రిటైనింగ్ గోడల మీద తెల్లటి ఉప్పు చారలు, మూలల్లో నిలిచిన నీళ్లు ఉన్నాయేమో చూడండి. ఎండాకాలంలోనే చెమ్మ ఉంటే వానల్లో కార్లకు పడవలు కావాలి.

బయటికి వచ్చేటప్పుడు లేబర్ క్యాంపు పక్కన టీ కొట్టు దగ్గర ఆగండి. మేస్త్రీలకు బిల్లులు పడుతున్నాయా, కూలీలు తగ్గారా అన్నది రెరా పేజీ కన్నా ముందు అక్కడ తెలుస్తుంది.

రాత్రి పదకొండింటికి కూడా ఒకసారి వెళ్లండి. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం వైపైతే రసాయనాల వాసన, జవహర్‌నగర్ డంప్‌యార్డు చుట్టుపక్కలైతే చెత్త వాసన పగటిపూట అంతగా తెలియవు. బ్రోచర్‌లో గీసిన 100 అడుగుల రోడ్డు ఇప్పుడు 30 అడుగుల మట్టిదారి అయితే, అది మాస్టర్ ప్లాన్ రోడ్డా, భూసేకరణ జరిగిందా అని అడగండి. జరగకపోతే పక్క రైతు కంచె వేసిన రోజు మీ దారి ఆగుతుంది.

పూర్తయిన టవర్లలో ఉన్నవాళ్లే అసలు బ్రోచర్

సాయంత్రం పిల్లలు ఆడుకునే చోట పది నిమిషాలు నిలబడి పలకరించండి. మొదటి ప్రశ్న నీళ్ల గురించి. మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది ప్లానింగ్‌లో వాడే ప్రమాణం. 500 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు అనుకుంటే రోజుకు 2,70,000 లీటర్లు. జలమండలి లైను రాకపోతే, బోర్లు ఎండిపోతే, 5,000 లీటర్ల ట్యాంకర్లు రోజుకు 54 రావాలి. ఇప్పుడు 120 కుటుంబాలే ఉన్నాయి కాబట్టి బోర్లు సరిపోతున్నాయి అంటే మీరు చేరాక సరిపోవు. మే నెలలో రోజుకు ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో అడగండి.

మురుగుశుద్ధి ప్లాంటు దగ్గరికి వెళ్లి చూడండి. అందులో పనిచేసేది సూక్ష్మజీవులు. 500 ఇళ్లకు కట్టిన ప్లాంటుకు 60 ఇళ్ల మురుగే వస్తుంటే వాటికి తిండి చాలదు, శుద్ధి సరిగా జరగదు, వాసన వస్తుంది. కాపురాలు పెరిగితే ఇది సర్దుకుంటుంది. వాసన లేకుండా ప్లాంటు నిశ్శబ్దంగా ఉంటేనే ఇంకా అనుమానించాలి, మురుగు నేరుగా పక్క నాలాలోకి పోతుండొచ్చు.

తర్వాత అడగాల్సింది ఓసీ. కొందరు ఓసీ లేకుండానే చేరి, నిర్మాణానికి ఇచ్చిన తాత్కాలిక కరెంటు మీద బతుకుతుంటారు. టవర్ వారీగా ఓసీ వచ్చి ఉంటే కాపీ చూపించమనండి. ఈ బిల్డర్ చెప్పిన తేదీకి, వాళ్లకు తాళాలు ఇచ్చిన తేదీకి తేడా ఎన్ని నెలలు? మీ టవర్‌కు కూడా అంత ఆలస్యం తప్పకుండా వేసుకోండి.

డబ్బు లెక్క

1,800 అడుగుల సూపర్ బిల్టప్ (కామన్ స్థలాల వాటా కూడా కలిపిన కొలత) ఫ్లాటు, అడుగు 7,000 చొప్పున 1 కోటి 26 లక్షలు. కట్టుబడిలో ఉంది కాబట్టి 5 శాతం జీఎస్టీ 6.30 లక్షలు. స్టాంపు, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి తెలంగాణలో 7.5 శాతం, 9.45 లక్షలు. మొత్తం 1,41,75,000. పక్కనే ఓసీ వచ్చిన ఫ్లాటు అడుగు 8,000 అనుకుంటే 1 కోటి 44 లక్షలు. దానికి జీఎస్టీ లేదు. రిజిస్ట్రేషన్ 10.80 లక్షలు కలిపి 1,54,80,000.

తేడా 13.05 లక్షలు. 30 నెలలు ఆగాలి, ఇప్పటి అద్దె 25,000 అయితే 7.50 లక్షలు అందులోంచే పోతాయి. మిగిలేది 5.55 లక్షలు. చెప్పిన తేదీ దాటాక 22 నెలలు ఆలస్యమైతే అదీ హరించుకుపోతుంది. అంటే ఈ ధరల్లో మీరు పడే రిస్కుకు వచ్చే ప్రతిఫలం ఐదున్నర లక్షలే. అడుగుకు వెయ్యి తేడా ఉన్నా ఇంతే మిగిలింది, 500 తేడాకి కట్టుబడిలోది కొనడం నా దృష్టిలో దండగ. మీ అంకెలు వేసి చూసుకోండి, ఫలితం మారొచ్చు, పద్ధతి ఇదే. పార్కింగు, క్లబ్‌హౌస్, కార్పస్ ఫండ్, రెండేళ్ల మెయింటెనెన్సు రెండు వైపులా కలపడం మరవకండి.

నెలవారీ భారం వేరుగా చూడాలి. బ్యాంకు లోనులో 60 లక్షలు విడుదలయ్యేసరికి 8.5 శాతం మీద వడ్డీయే నెలకు 42,500. దానికి అద్దె కలిపితే 67,500. ఇందులో అసలు ఒక్క రూపాయి తగ్గదు. ఇద్దరి జీతాల్లో ఒకటి ఆరు నెలలు ఆగినా ఇది మోయగలమా అన్నదే ప్రశ్న.

ఇక మొదటి ప్రశ్నకు అంకె: ఆగిపోతే మిగిలేది యూడీఎస్, అంటే నేలలో మీ అవిభాజ్య వాటా. ఐదెకరాల నేల అంటే 24,200 గజాలు. దాని మీద మొత్తం 9,68,000 అడుగులు కడుతుంటే మీ 1,800 అడుగులకు 45 గజాలు వస్తాయి. రోడ్డు విస్తరణకు ఇచ్చిన నేల తీసేస్తే ఇంకా తగ్గుతుంది. సేల్ డీడ్ ముసాయిదాలో ఎన్ని గజాలు రాశారో చూడండి, కొన్నిచోట్ల ఆ గడి ఖాళీగా ఉంటుంది. విల్లా అయితే కనీసం స్థలం మీ పేరు మీద ఉంటుంది, అందుకే ఆగిపోయే భయం ఉన్న చోట ఫ్లాటు కన్నా విల్లాది కొంచెం గట్టి స్థితి.

సంతకం దగ్గర

రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదని చట్టం. 12.60 లక్షలు దాటి అడిగితే ముందు అగ్రిమెంటు రిజిస్టర్ చేయమనండి. బుకింగ్ అమౌంటు ఇవ్వకముందే ముసాయిదా తెప్పించుకుని చదవండి. కార్పెట్ ఏరియా (ఇంటి లోపల వాడుకునే నేల) అంకె విడిగా ఉండాలి. వాయిదాలు పనిదశలకు ముడిపడి ఉండాలి, తేదీలకు కాదు. మీరు ఆలస్యం చేస్తే 18 శాతం, వాళ్లు ఆలస్యం చేస్తే అడుగుకు నెలకు 5 రూపాయలు అన్న ధోరణి ఉంటే కొట్టేయించండి. రెరా ప్రకారం రెండు వైపులా వడ్డీ రేటు ఒక్కటే. తేదీ దాటితే డబ్బు వడ్డీతో వెనక్కి తీసుకోవచ్చు, లేదా ఉండి ప్రతి నెలకూ వడ్డీ అడగొచ్చు. బ్రోచర్, సేల్స్ వాళ్ల వాట్సాప్ మెసేజ్‌లు దాచుకోండి, తప్పుడు ప్రకటన మీద ఫిర్యాదుకు అవే సాక్ష్యం. ధర 50 లక్షలు చేరినా, దాటినా ప్రతి చెల్లింపులోంచి 1 శాతం కోసి టీడీఎస్‌గా, అంటే అమ్మేవారి ఆదాయపు పన్ను కింద, కట్టే బాధ్యత మీదే.

కొంచెం ఓపిక ఉంటే హ్యాండోవర్‌కు ఆరు నెలల ముందు చూడండి. మొదట్లో పెట్టుబడికి కొన్నవాళ్లు చివరి వాయిదాలు కట్టలేక అమ్మకానికి పెట్టే సమయం అది. టవర్ కళ్లముందు ఉంటుంది, ధర బేరానికి వస్తుంది. అమ్మేవాడి అగ్రిమెంటు రిజిస్టర్ అయిందా, బిల్డర్‌కు ఇంకా ఎంత బాకీ, పేరు మార్పు ఫీజు ఎవరు కట్టాలి అన్నవి మీరు, అతను, బిల్డర్ ముగ్గురూ కలిసి రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

ఓసీ రాకముందే "ఇంటీరియర్ పనికి తాళాలు తీసుకోండి" అంటారు. తీసుకుంటే మెయింటెనెన్సు ఆ రోజు నుంచే మొదలవుతుంది, వాళ్ల ఆలస్యం లెక్క అక్కడితో ఆగిపోయిందని తర్వాత వాదిస్తారు. తాళాలు తీసుకునే కాగితం మీద "ఓసీ రాలేదు, ఇంటీరియర్ పని కోసమే, స్వాధీనం కాదు" అని మీ చేత్తో రాసి సంతకం పెట్టి, కాపీ తీసుకోండి. అదే రోజు బాత్‌రూముల కాలువ గొట్టాలకు గుడ్డ కుక్కి రెండంగుళాల నీళ్లు నిలపండి. 24 గంటల తర్వాత కింది ఫ్లాటు వాళ్లను అడిగి వాళ్ల సీలింగ్ చూడండి.